లినక్స్‌లో లేబుల్ ప్రింటర్: కేబుల్ నుంచి మొదలుపెట్టిన డైరీ

62 చిన్న సొరుగులు. ఒక్కోదాని మీద తెలుగులో పేరు, కింద 8 అంకెల బార్‌కోడ్ ఉన్న లేబుల్ అంటించాలి. లేబుల్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, ఎత్తు 25. నా దగ్గరున్నవి యూఎస్‌బీ కేబుల్‌తో పనిచేసే చిన్న థర్మల్ లేబుల్ ప్రింటర్, డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) వేసిన 64 బిట్ ల్యాప్‌టాప్. పని పూర్తయ్యేసరికి 17 గంటలు పట్టింది, 67 లేబుళ్లు చెత్తబుట్టలోకి పోయాయి. ఇదే పని మొదలుపెట్టేవాళ్లకు ఆ గంటలూ ఆ లేబుళ్లూ మిగలాలని ఇదంతా రాసి పెడుతున్నాను.

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. లినక్స్ కమాండ్లు చిన్న అక్షరాల్లో, ప్రింటర్‌కి పంపే కమాండ్లు పెద్ద అక్షరాల్లో.

దగ్గర పెట్టుకున్న సామాను: స్టీల్ స్కేలు, భూతద్దం, యూఎస్‌బీ బార్‌కోడ్ స్కానర్, ఒక నోట్‌బుక్కు. ఈ రకం ప్రింటర్‌లో ఇంకు ఉండదు, రిబ్బన్ ఉండదు. హెడ్‌లో వరసగా ఉన్న సన్నటి చుక్కలు వేడెక్కి కాగితం మీది పూతను నల్లబరుస్తాయి. రోలు డైరెక్ట్ థర్మల్ అవునో కాదో గోటితో గట్టిగా గీస్తే తెలిసిపోతుంది. నల్ల గీత పడితే అదే. నా ప్రింటర్ అంగుళానికి 203 చుక్కలు వేస్తుంది, అంటే మిల్లీమీటరుకు 8. కాబట్టి నా లేబుల్ అంటే అడ్డంగా 400 చుక్కలు, నిలువుగా 200 చుక్కలు. ఈ రెండు అంకెలూ చివరిదాకా వస్తాయి.

దశ 1: కంపెనీ డ్రైవర్‌తో నాలుగు గంటలు

డబ్బాలో ఇచ్చిన లింకు నుంచి లినక్స్ డ్రైవర్ దించి, దానితో వచ్చిన ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడిపాను. లినక్స్‌లో ప్రింటింగ్ పనులు చూసే కప్స్ పేజీలో (బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, పోర్ట్ 631) ప్రింటర్ కనిపించింది. టెస్ట్ పేజీ పంపితే "ఫిల్టర్ ఫెయిల్డ్" అని ఆగిపోయింది.

ఆ రెండు మాటల వల్ల ఏమీ తెలియదు. అసలు కారణం లాగ్‌లో ఉంటుంది. లాగ్ వివరంగా రావడానికి కప్స్‌సీటీఎల్ కమాండ్‌కి డీబగ్ లాగింగ్ ఆప్షన్ ఇచ్చి, మళ్లీ ప్రింట్ కొట్టి, /వార్/లాగ్/కప్స్ ఫోల్డర్‌లోని ఎర్రర్ లాగ్ చివరి వంద లైన్లు చదివాను. ఫిల్టర్ (పేజీని ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) ఫైలుకి "ఇన్‌సెక్యూర్ పర్మిషన్స్" ఉన్నాయని అక్కడుంది. ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ ఆ ఫైలును నా యూజర్ పేరు మీదే, గ్రూపుకి కూడా రాసే హక్కు ఇచ్చి కాపీ చేసింది. కప్స్ అలాంటి ఫిల్టర్‌ను నడపదు. ఫైలు రూట్ (కంప్యూటర్ అడ్మిన్) పేరు మీద ఉండాలి, మిగతావాళ్లెవరికీ దాన్ని మార్చే వీలు ఉండకూడదు. ఇది మంచి జాగ్రత్తే. సీహెచ్‌ఓన్‌తో యజమానిని రూట్ చేసి, సీహెచ్‌మాడ్ 755తో రాసే హక్కు యజమానికి మాత్రమే ఉంచాను.

మళ్లీ అదే ఫిల్టర్ ఫెయిల్డ్. ఈసారి ఫిల్టర్‌ను టెర్మినల్‌లో నేరుగా నడిపితే "అలాంటి ఫైలు లేదు" అంటోంది. ఎల్‌ఎస్ కొడితే ఫైలు కళ్లముందే ఉంది! ఇక్కడ గంట పోయింది. చివరికి 'ఫైల్' అనే కమాండ్‌తో చూస్తే అది 32 బిట్ ప్రోగ్రామ్ అని తేలింది. లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని నడిపించే 32 బిట్ లోడర్. ఆ లైబ్రరీలు కూడా ఎక్కించాను. అప్పుడు ప్రింటర్ కదిలింది, ఖాళీ లేబుళ్లు మూడు బయటికి తోసింది. నాలుగో దాని మీద మూలన ఏదో ముక్క పడింది. డ్రైవర్‌లోని పేపర్ సైజుల జాబితాలో 50, 25 లేనే లేదు. ఉన్నవాటిలో ప్రతిదీ మార్చి చూశాను, ఏదీ కుదరలేదు.

ఆ డ్రైవర్ తీసేశాను. లోపల ఏం చేస్తోందో కనిపించని ప్రోగ్రామ్‌ను పట్టుకుని బయట సెట్టింగులు మారుస్తూ కూర్చుంటే ఎంతసేపైనా గడిచిపోతుంది.

లెక్క: 4 గంటలు, 11 లేబుళ్లు.

దశ 2: కింది నుంచి పైకి

ఇక్కడి నుంచి వరస మార్చాను. ముందు కేబుల్, తర్వాత కెర్నల్ (లినక్స్ లోపలి మూల భాగం), తర్వాత ప్రింటర్ భాష, ఆ తర్వాత బొమ్మ, అన్నిటికన్నా చివర కప్స్. ఒక మెట్టు పనిచేస్తోందని చేత్తో చూశాకే పై మెట్టు. మొదటి రోజే ఇలా చేసి ఉంటే దశ 1 ఉండేదే కాదు.

1. కప్స్‌లో పెట్టిన ప్రింటర్‌ను తీసేశాను.
2. కేబుల్ పీకి, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టాను, కేబుల్ పెట్టి మళ్లీ కొట్టాను. రెండోసారి అదనంగా వచ్చిన లైనే నా ప్రింటర్. అందులోని రెండు ఐడీ నంబర్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దశ 8లో వాటితో పని పడింది.
3. కెర్నల్ మెసేజ్‌లలో యూఎస్‌బీఎల్‌పీ0 అని ఒక లైను వచ్చింది. అంటే కెర్నల్ దీన్ని ప్రింటర్‌గా గుర్తుపట్టింది.
4. /డెవ్/యూఎస్‌బీ/ఎల్‌పీ0 అనే ఫైలు ఉంది. దాని యజమాని రూట్, గ్రూపు ఎల్‌పీ.
5. యూజర్‌మాడ్‌తో నన్ను ఎల్‌పీ గ్రూపులో చేర్చుకున్నాను.

అయిదో మెట్టు దగ్గర ఇరవై నిమిషాలు పోయాయి. గ్రూపులో చేరాక కొత్త టెర్మినల్ తెరిస్తే చాలనుకున్నాను. ఎన్నిసార్లు చేసినా పర్మిషన్ లేదనే వస్తోంది. మొత్తం లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే కొత్త గ్రూపు అమల్లోకి వస్తుంది. 'ఐడీ' అని కొడితే వచ్చే జాబితాలో ఎల్‌పీ కనిపించాలి. కనిపించేదాకా ముందుకు వెళ్లొద్దు.

తర్వాతి ప్రశ్న: ఈ ప్రింటర్ ఏ భాషలో మాట్లాడుతుంది? లేబుల్ ప్రింటర్లలో జెడ్‌పీఎల్, ఈపీఎల్, టీఎస్‌పీఎల్, సీపీసీఎల్ అని రకరకాల భాషలున్నాయి. తెలుసుకోవడానికి నాకు రెండు దారులు పనికొచ్చాయి. ఒకటి, ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ప్రింటర్ ఆన్ చేయడం. అది తన వివరాలన్నీ తానే అచ్చు వేసుకుంటుంది, నాకు నాలుగు లేబుళ్ల పొడవునా వచ్చింది. రెండోది, కాగితం ఖర్చు లేనిది: /సిస్/క్లాస్/యూఎస్‌బీమిస్క్/ఎల్‌పీ0/డివైస్ లోపల ఐఈఈఈ1284_ఐడీ అనే ఫైలు ఉంటుంది. క్యాట్‌తో తెరిస్తే ఒకే పొడుగు లైను వస్తుంది. అందులో సీఎమ్‌డీ అన్నచోట చాలా ప్రింటర్లు తమ భాష పేరు చెబుతాయి. నాది రెండు చోట్లా టీఎస్‌పీఎల్ అనే చెప్పింది.

ఈ ఒక్క ముక్క తెలియడమే సగం పని. కప్స్‌తోపాటే వచ్చే లేబుల్ ఫిల్టర్‌కి జెడ్‌పీఎల్, ఈపీఎల్, సీపీసీఎల్ వచ్చు, టీఎస్‌పీఎల్ రాదు. మీ ప్రింటర్ జెడ్‌పీఎల్ అని చెబితే ముందు కప్స్‌లో ఉన్న జీబ్రా డ్రైవర్ పెట్టి చూడండి, కింది గొడవ చాలావరకు తప్పుతుంది. నాకు ఆ అవకాశం లేదు కాబట్టి నేరుగా మాట్లాడాల్సి వచ్చింది.

లెక్క: ఈ దశ 1 గంట, 4 లేబుళ్లు. మొత్తం 5 గంటలు, 15 లేబుళ్లు.

దశ 3: మొదటి అయిదు లైన్లు

టీఎస్‌పీఎల్ మామూలు అక్షరాల్లో రాసే భాష. నా మొదటి ఫైలు ఇదీ:

1. సైజ్ 50 ఎంఎం,25 ఎంఎం
2. గ్యాప్ 0,0
3. సీఎల్‌ఎస్ (ప్రింటర్ లోపలి పలకను తుడిచేస్తుంది)
4. టెక్స్ట్, తర్వాత స్థానం, ఫాంటు నంబరు, కోట్స్‌లో అచ్చు వేయాల్సిన మాట
5. ప్రింట్ 1,1

క్యాట్‌తో ఆ ఫైలును /డెవ్/యూఎస్‌బీ/ఎల్‌పీ0 లోకి పంపాను. ఎర్రర్ లేదు. ప్రింటర్ దీపం ఆకుపచ్చగానే ఉంది. కాగితం కదల్లేదు. మళ్లీ పంపాను, కదల్లేదు. నాలుగుసార్లు పంపాక ఎక్స్‌ఎక్స్‌డీ కమాండ్‌తో ఫైలులోని బైట్లు చూశాను. ప్రతి లైను చివరా ఒక్క 0ఏ (లైను ముగిసిందని చెప్పే బైటు) మాత్రమే ఉంది. లినక్స్ ఎడిటర్లన్నీ అలాగే రాస్తాయి. టీఎస్‌పీఎల్‌లో మాత్రం ప్రతి కమాండ్ 0డీ, 0ఏ రెండిటితో ముగియాలి. నేను పంపినదంతా ఇంకా పూర్తికాని ఒకే లైను అనుకుని ప్రింటర్ ఎదురుచూస్తోందన్నమాట.

లైను చివరలు సరిచేసి పంపితే అప్పుడూ రాలేదు. అంతకుముందు నాలుగుసార్లు పంపినదంతా లోపలే పేరుకుని ఉంది, కొత్త మొదటి లైను దాని తోకకు అతుక్కుపోయింది. ప్రింటర్ స్విచ్ ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, ఆన్ చేసి పంపాను. చిన్న కిర్రుమన్న శబ్దంతో లేబుల్ బయటికి వచ్చింది. నేను ఇచ్చిన మాట ఎడమ మూలన పడింది. మొదటి అక్షరం సగం తెగి ఉంది. రోలుకి రెండు వైపులా ఉండే గైడ్లు వదులుగా ఉండి, రోలు 2 మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. గైడ్లు దగ్గరికి నొక్కితే సరిపోయింది. కోడ్‌లో అంకెలు మార్చి దీన్ని సరిచేద్దామనిపిస్తుంది, చేయొద్దు. రోలు మార్చిన రోజు మళ్లీ తప్పుతుంది.

పనిచేయని ప్రతి ప్రయోగం తర్వాత ప్రింటర్‌ను ఆపి ఆన్ చేయడం ఇక్కడి నుంచి నాకు నియమం.

లెక్క: గంటన్నర, 2 లేబుళ్లు. మొత్తం 6 గంటల 30 నిమిషాలు, 17 లేబుళ్లు.

దశ 4: జారిపోయే లేబుళ్లు

ఒక లేబుల్ బాగా వచ్చింది కదా అని పది పంపాను. రెండోదాంట్లో అచ్చు 3 మిల్లీమీటర్లు పైకి జరిగింది. మూడోదాంట్లో 6, నాలుగోదాంట్లో 9. అయిదోది వచ్చేసరికి మాట రెండు లేబుళ్ల మధ్య సందులో పడింది.

ప్రతిసారీ సరిగ్గా 3 పెరుగుతోందంటే అది సెన్సర్ తప్పు కాదు, లెక్క తప్పు. గ్యాప్ 0 అని రాశాను. అంటే ఇది సందులు లేని అఖండ రోలు అని ప్రింటర్‌కి చెప్పినట్టు. అది సందు కోసం వెతకడం మానేసి 25 మిల్లీమీటర్లు జరిపి ఊరుకుంటోంది. రోలు కొంత విప్పి బల్ల మీద పరిచి స్కేలు పెట్టాను. ఒక్క సందు కొలిస్తే 2 అనిపిస్తుంది, ఇంకోసారి 3 అనిపిస్తుంది. అందుకే ఒక లేబుల్ పైఅంచు నుంచి పదకొండో లేబుల్ పైఅంచు దాకా కొలిచాను: 280 మిల్లీమీటర్లు. పదితో భాగిస్తే 28. అందులో లేబుల్ 25, సందు 3. చిన్న దూరాన్ని ఎప్పుడూ పదింతలు చేసి కొలవండి.

గ్యాప్ 3 ఎంఎం,0 ఎంఎం అని మార్చి, గ్యాప్‌డిటెక్ట్ కమాండ్ ఒకసారి పంపాను. ప్రింటర్ మూడు లేబుళ్లు జరిపి సందు ఎక్కడుందో, కాగితం మందం ఎంతో చూసుకుంది. తర్వాత మళ్లీ పది. పదింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి దీపానికి ఎదురుగా పట్టుకుంటే తేడా ఎక్కడా అర మిల్లీమీటరు దాటలేదు.

లెక్క: 1 గంట, 23 లేబుళ్లు. మొత్తం 7 గంటల 30 నిమిషాలు, 40 లేబుళ్లు. ఎక్కువ కాగితం పోయింది ఇక్కడే, కానీ ఈ ఇరవై మూడూ వృథా అనను.

దశ 5: తెలుగు

ప్రింటర్ లోపలి ఫాంట్లలో తెలుగు లేదు. టెక్స్ట్ కమాండ్‌తో తెలుగు పంపితే చెత్త అక్షరాలు వస్తాయి. దారి ఒక్కటే: కంప్యూటర్‌లో 400 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు బొమ్మ గీసి, బిట్‌మ్యాప్ కమాండ్‌తో పంపడం. పైథాన్, దాని పిల్లో లైబ్రరీ, నోటో సాన్స్ తెలుగు ఫాంటు తీసుకున్నాను.

మొదటి సొరుగు పేరు "స్క్రూలు". స్క్రీన్ మీద చూస్తే స పక్కన పొల్లు, క పక్కన పొల్లు, ఆ తర్వాత రూలు, అన్నీ విడివిడిగా ఒకే వరసలో నిలబడ్డాయి. స కింద క వత్తు లేదు, ర వత్తు లేదు. ఫాంటు తప్పేమో అని ఇంకో రెండు ఫాంట్లు మార్చాను, అదే వరస. ఫాంటులో వత్తులు ఉంటే సరిపోదు, ఏ అక్షరం కింద ఏది వెళ్లాలో పేర్చే లైబ్రరీ కూడా కావాలి. పిల్లోలో ఆ పని రాక్మ్ చూస్తుంది. పిల్లో ఫీచర్స్ మాడ్యూల్‌లోని చెక్ ఫంక్షన్‌కి రాక్మ్ పేరు ఇస్తే నాకు ఫాల్స్ వచ్చింది. పిప్‌తో తెచ్చుకున్న పిల్లోలో రాక్మ్ ఉంటుంది గానీ, సిస్టమ్‌లో ఫ్రిబిడీ లైబ్రరీ లేకపోతే అది పనిచేయదు. ఫ్రిబిడీ ఎక్కించగానే ట్రూ వచ్చింది, స్క్రూ స్క్రూలా కనిపించింది. తెలుగు లేబుల్ చేసే ఎవరైనా ముందు ఈ ఒక్క చెక్ చేసుకోవాలి. వత్తులు విడిపోయిన పేరును సొరుగు మీద రోజూ చూడటం నా వల్ల కాదు.

ఇక పంపడం. బిట్‌మ్యాప్ కమాండ్‌కి వెడల్పు చుక్కల్లో కాదు, బైట్లలో ఇవ్వాలి. 400 చుక్కలు అంటే 50 బైట్లు. 50 బైట్లు, 200 వరసలు, మొత్తం సరిగ్గా 10,000 బైట్లు.

మొదటి తప్పు: లేబుల్ మొత్తం నల్లగా వచ్చింది, మధ్యలో తెల్ల అక్షరాలు. కాగితం హెడ్‌కి అంటుకున్నట్టు బరువుగా కదిలింది. బొమ్మను నేను పీబీఎమ్ (నలుపు తెలుపు బొమ్మల రకం) ఫైలుగా దాచి అందులోని బైట్లు పంపాను. పీబీఎమ్‌లో 1 అంటే నలుపు. టీఎస్‌పీఎల్ బిట్‌మ్యాప్‌లో 0 అంటే నలుపు. పిల్లోలోని ఒక బిట్ బొమ్మ నుంచి నేరుగా టుబైట్స్‌తో తీసుకుంటే 0 నలుపుగానే వస్తుంది, మధ్యలో పీబీఎమ్ అక్కర్లేదు.

రెండో తప్పు పట్టుకోవడానికి రెండు గంటలు పట్టింది. పేరు పైభాగం బాగానే ఉంది. కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు మెట్లుమెట్లుగా కుడివైపు జరుగుతున్నాయి. స్కేలు పెడితే ఒక్కో మెట్టు సరిగ్గా 1 మిల్లీమీటరు. 1 మిల్లీమీటరు అంటే 8 చుక్కలు, 8 చుక్కలు అంటే ఒక బైటు. ఎక్కడో ఒక్కొక్క బైటు అదనంగా చేరుతోంది. కమాండ్లు, బొమ్మ అన్నీ కలిపి ఫైలు 10,082 బైట్లు ఉండాలి. ఉన్నది 10,119. అంటే 37 ఎక్కువ.

దశ 3లో లైను చివరలు సరిచేయడానికి, పైథాన్‌లో ఫైలును టెక్స్ట్ మోడ్‌లో తెరిచి, లైను చివర 0డీ 0ఏ రాయమని చెప్పాను. బొమ్మలోని 10,000 బైట్లలో 0ఏ విలువ ఉన్న బైటు ఎదురైన ప్రతిచోటా అది కూడా లైను చివరే అనుకుని పైథాన్ ముందొక 0డీ చేర్చింది. అలాంటివి 37. నిన్నటి మందే ఇవాళ్టి జబ్బయింది. ఫైలును బైనరీ మోడ్‌లో తెరిచి, కమాండ్ లైన్లకు మాత్రం చివర చేత్తో చేర్చాను. సైజు 10,082. అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి.

మూడోది అందం సంగతి. భూతద్దంతో చూస్తే అక్షరాల అంచుల చుట్టూ మిరియాలు చల్లినట్టు చుక్కలున్నాయి. పిల్లో బూడిదరంగు బొమ్మను ఒక బిట్‌కి మార్చేటప్పుడు, ఏమీ చెప్పకపోతే, బూడిదరంగును చుక్కలుగా చిలకరిస్తుంది. ఫొటోలకు అది బాగుంటుంది, అక్షరాలకు బాగుండదు. ఆ చిలకరింపు (డిథర్) వద్దని చెప్పి, 128 కన్నా తక్కువైతే నలుపు, లేకపోతే తెలుపు అని నేనే గీత గీశాను.

అక్షరం సైజు కూడా కొలిచే తేల్చాను. ఫాంటు సైజు 24 చుక్కలు (3 మిల్లీమీటర్లు) పెడితే తలకట్లు తెగిపోయాయి, ర వత్తు కడుపు పూడిపోయింది. 30 దగ్గర చదవొచ్చు. 36 చుక్కలు, బోల్డ్ పెట్టాక రెండడుగుల దూరం నుంచి కూడా తడుముకోకుండా చదివాను. అదే ఖాయం చేశాను.

లెక్క: 4 గంటలు, 9 లేబుళ్లు. మొత్తం 11 గంటల 30 నిమిషాలు, 49 లేబుళ్లు.

దశ 6: బార్‌కోడ్

బార్‌కోడ్ రకాల్లో కోడ్ 128 ఎంచుకున్నాను. అంకెలు మాత్రమే ఉంటే ఇందులో రెండేసి అంకెలు ఒక గుర్తులో ఇమిడిపోతాయి. 8 అంకెలంటే 4 గుర్తులు, ఒక్కోటి 11 గడులు (గడి అంటే అన్నిటికన్నా సన్నటి గీత వెడల్పు), అంటే 44. మొదటి గుర్తు 11, తనిఖీ గుర్తు 11, ముగింపు 13. మొత్తం 79 గడులు.

ఈ లెక్క ముందే వేసుకోకుండా బార్‌కోడ్ బొమ్మను 200 చుక్కల వెడల్పుకి లాగి పెట్టాను. కంటికి నీటుగా ఉంది. స్కానర్ పదిసార్లలో మూడుసార్లే చదివింది. 200ని 79తో భాగిస్తే రెండున్నర పైచిలుకు. రెండున్నర చుక్కలు ప్రింటర్ వేయలేదు, కొన్ని గీతలు 2, కొన్ని 3 అయ్యాయి. బార్‌కోడ్ చదవడమంటే ఆ వెడల్పుల తేడా చదవడమే కదా.

గడికి 2 చుక్కలు: 158 చుక్కలు, 20 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పదికి ఏడు.
గడికి 3 చుక్కలు: 237 చుక్కలు, 30 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పదికి పది.

దీనికి రెండు వైపులా పదేసి గడుల తెల్ల చోటు వదలాలి, అంటే ఒక్కో వైపు 30 చుక్కలు. మొత్తం 297. లేబుల్ వెడల్పు 400 కాబట్టి హాయిగా పట్టింది.

ప్రింటర్‌కి సొంతంగా బార్‌కోడ్ కమాండ్ ఉంది, కానీ వాడలేదు. బొమ్మలోనే గీస్తే అచ్చు వేయకముందే జెడ్‌బార్‌ఇమేజ్ కమాండ్‌తో ఆ బొమ్మను చదివించి చూసుకోవచ్చు. నంబరు తప్పితే స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది, లేబుల్ మిగులుతుంది.

తర్వాత వేడి. డెన్సిటీ 0 నుంచి 15 దాకా ఇవ్వొచ్చు. అయిదు విలువలతో ఒకే లేబుల్ వేసి పదేసిసార్లు స్కాన్ చేశాను.

డెన్సిటీ 4: బూడిదరంగు, పదికి 6
డెన్సిటీ 6: తలకట్లు సన్నగా ఉన్నా తెగలేదు, పదికి 10
డెన్సిటీ 8: చిక్కటి నలుపు, పదికి 10
డెన్సిటీ 10: గీతలు లావెక్కాయి, పదికి 9
డెన్సిటీ 12: గీతల మధ్య తెలుపు సగం పోయింది, ర వత్తు మళ్లీ పూడింది, పదికి 5

ఎంత నల్లగా ఉంటే అంత బాగా చదువుతుందని అనుకునేవాణ్ణి. వేడి ఎక్కువైతే నలుపు పక్కకి పాకుతుంది. 2 చుక్కల బార్‌కోడ్ పదికి ఏడే రావడానికీ కొంత కారణం ఇదే అయ్యుండాలి. డెన్సిటీ 7 పెట్టి, స్పీడ్ 2కి తగ్గించి ఇంకో నాలుగు లేబుళ్లు వేసి చూశాను. నాలుగూ పదికి పది. అక్కడే ఆపాను.

లెక్క: 3 గంటలు, 12 లేబుళ్లు. మొత్తం 14 గంటల 30 నిమిషాలు, 61 లేబుళ్లు.

దశ 7: ఇప్పుడు కప్స్

నా స్క్రిప్ట్ ఒక్కటే వాడితే కప్స్ అక్కర్లేదు. కానీ ఒకదాని వెనక ఒకటి వరసలో పెట్టాలన్నా, నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్ నుంచి పంపాలన్నా క్యూ ఉండాల్సిందే.

1. ఎల్‌పీఇన్‌ఫోకి వీ ఆప్షన్ ఇస్తే ప్రింటర్ యూఎస్‌బీ చిరునామా, చివర సీరియల్ నంబరుతో సహా వచ్చింది.
2. ఎల్‌పీఅడ్మిన్‌తో ఆ చిరునామాకి "లేబుల్" పేరుతో క్యూ పెట్టి, మోడల్ దగ్గర 'రా' అని ఇచ్చాను. అంటే పంపినది పంపినట్టే ప్రింటర్‌కి చేరుతుంది. ముందుముందు కప్స్‌లో ఇలాంటి రా క్యూలు ఉండవని ఒక హెచ్చరిక వచ్చింది. ఇప్పటికి పనిచేస్తోంది.
3. స్క్రిప్ట్ చివరి లైను మార్చాను. /డెవ్/యూఎస్‌బీ/ఎల్‌పీ0 బదులు ఎల్‌పీ కమాండ్‌తో, రా ఆప్షన్‌తో, లేబుల్ క్యూకి పంపడం.

రెండు ఇబ్బందులు వచ్చాయి. క్యూలో ఒక లేబుల్ నడుస్తుండగా పాత అలవాటుగా ఇంకో టెర్మినల్ నుంచి ఎల్‌పీ0కి నేరుగా పంపబోతే ఆ ఫైలే లేదంది. కప్స్ యూఎస్‌బీ ప్రింటర్‌ను తన చేతిలోకి తీసుకున్నంతసేపు కెర్నల్ డ్రైవర్‌ను పక్కకి తప్పిస్తుంది, పని అయ్యాక తిరిగి ఇస్తుంది. ప్రింటర్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. ఏదో ఒక దారే వాడండి.

రెండోది, ప్రింటర్ ఆపి ఉన్నప్పుడు పంపితే క్యూ మొత్తం ఆగిపోయి, ప్రింటర్ ఆన్ చేశాక కూడా అలాగే ఉండిపోయింది. కప్స్‌ఎనేబుల్ కొడితే కదిలింది. ప్రతిసారీ కొట్టకుండా, ఎల్‌పీఅడ్మిన్‌తో ఎర్రర్ పాలసీని రీట్రై జాబ్‌కి మార్చాను.

లెక్క: గంటన్నర, 5 లేబుళ్లు. మొత్తం 16 గంటలు, 66 లేబుళ్లు.

దశ 8: 62 లేబుళ్లు

పేర్లు, నంబర్లు ఒక సీఎస్‌వీ ఫైలులో పెట్టి వరసగా వదిలాను. 30 అయ్యాక ఆపి, వాటిని అంటించడానికి వెళ్లాను. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి మిగతావి పంపితే 31వ లేబుల్ అసలు బయటికే రాలేదు. 32 కూడా పంపాను. అప్పుడొచ్చిన ఒక్క లేబుల్ మీద పై సగం 31వ పేరు, కింది సగం గజిబిజి చుక్కలు.

ఆ చుక్కలు 32వ లేబుల్ కమాండ్లే. బిట్‌మ్యాప్ కమాండ్ 10,000 బైట్లు వస్తాయని ముందే చెబుతుంది. మధ్యలో డేటా తెగితే, ఆ తర్వాత వచ్చేది ఏదైనా సరే, లెక్క నిండేదాకా ప్రింటర్ దాన్ని బొమ్మ కిందే మింగుతుంది. కాబట్టి సగం లేబుల్ వస్తే వెంటనే క్యూ ఆపి, ప్రింటర్ ఆపి ఆన్ చేయాలి. ఇంకో లేబుల్ పంపి చూడటం వల్ల అది కూడా పోతుంది.

తెగడానికి కారణం ల్యాప్‌టాప్‌లో నేనే పెట్టుకున్న బ్యాటరీ పొదుపు టూల్. ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరాలను అది నిద్రపుచ్చుతోంది. ప్రింటర్‌కి చెందిన పవర్/కంట్రోల్ ఫైలులో 'ఆటో' అని ఉంది. 'ఆన్' అని రాసి, గడియారం పెట్టుకుని 25 నిమిషాలు ఆగి పంపాను. 31 నిండుగా వచ్చింది. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయ్యాక కూడా అలాగే ఉండటానికి, దశ 2లో రాసుకున్న రెండు ఐడీ నంబర్లతో /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ ఫోల్డర్‌లో ఒక్క లైను రూల్ పెట్టాను. రీస్టార్ట్ చేసి, ఆ ఫైలు మళ్లీ తెరిచి 'ఆన్' ఉందో లేదో చూసుకున్నాను. ఉంది.

మిగతా 31 ఆగకుండా వచ్చాయి. 62 లేబుళ్లనూ సొరుగులకు అంటించాక స్కానర్ పట్టుకుని వరసగా ఒక్కోసారి చదివించాను. 61 మొదటిసారికే చదివింది. ఒకటి సొరుగు వంపు మీద ముడత పడింది, సాఫీ చేశాక చదివింది.

లెక్క: 1 గంట, 1 లేబుల్. మొత్తం 17 గంటలు, పోయినవి 67, సొరుగుల మీద ఉన్నవి 62.

ఇంకొక్క లేబుల్ వేసి ప్రింటర్ అడుగున అంటించాను. దాని మీద ఇలా ఉంది: టీఎస్‌పీఎల్, 50 × 25, గ్యాప్ 3, డెన్సిటీ 7, స్పీడ్ 2, లైను చివర 0డీ 0ఏ, 0 అంటే నలుపు.